బొమ్మను ఏ మాటకు కట్టాలి



మా ఊరి హైస్కూలు వజ్రోత్సవానికి పాత విద్యార్థులం కలిసి ఒక సావనీరు వేశాం. 120 పేజీల పుస్తకం. ఆ బడిలో పనిచేసిన ప్రతి ఉపాధ్యాయుడి గురించీ ఒక పేరా, పక్కనే ఆయన ఫొటో. టైపు చేసిందీ, ఫొటోలు అమర్చిందీ నేనే. రెండు నెలలు కూర్చుని ఒక్కో ఫొటోనీ మౌసుతో పట్టుకుని జరిపి, ఎవరి పేరా పక్కన వారిని వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టాను. తెల్లవారితే ప్రెస్సుకు పంపాలి. ఆ రాత్రి ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. మొదటి హెడ్మాస్టరుగారు కరువు రోజుల్లో పిల్లలకు తన ఇంట్లో అన్నం పెట్టించిన సంగతి రాయలేదేమిటన్నాడు. నిజమే, రాయవలసిన సంగతి. నాలుగో పేజీలో పది లైన్లు చేర్చి, ఫైలు సేవ్ చేసి పంపేశాను.

సభనాటికి 500 ప్రతులు వచ్చాయి. మాకు లెక్కలు చెప్పిన మాస్టారు ముందు వరసలో కూర్చుని పుస్తకం తిరగేస్తున్నారు. అప్పటికే ఆయనకు ఎనభై దాటాయి. ఒక పేజీ దగ్గర ఆగారు. ఆ పేజీలో ఆయన ఫొటో ఉంది. ఫొటో పక్కన ఉన్న పేరా మాత్రం ఆయనది కాదు, పుస్తకంలో ఆయనకు ముందు వచ్చే డ్రిల్లు మాస్టారిది. ఆ పేరాలో చివరి వాక్యం, వారు గుండెపోటుతో కన్నుమూశారని. మాస్టారు చాలాసేపు ఆ పేజీనే చూస్తూ ఉండిపోయారు. తర్వాత పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

ఆ పది లైన్లు చేసిన పని అది. నాలుగో పేజీలో పది లైన్లు పెరిగేసరికి, ఆ తర్వాత పుస్తకమంతటా అక్షరాలు పది లైన్లు కిందికి జరిగాయి. ఫొటోలు మాత్రం నేను నిలబెట్టిన చోటే నిలబడ్డాయి. పై పేరా కిందికి దిగి, తర్వాతి మనిషి ఫొటో పక్కకు వచ్చి ఆగింది.

కంప్యూటర్లో డాక్యుమెంటు తయారు చేసేటప్పుడు బొమ్మలు ఎందుకు చోటు తప్పుతాయి, తప్పకుండా ఎలా పెట్టుకోవాలి, ఇదే ఇవాళ నేను మీతో మాట్లాడదలచుకున్న విషయం. ప్రశ్నపత్రం తయారు చేసే టీచరుకూ, ప్రాజెక్టు రిపోర్టు రాసే విద్యార్థికీ, సంఘం వార్షిక నివేదిక టైపు చేసే గుమాస్తాకూ, తాతగారి జ్ఞాపకాలు పుస్తకంగా వేయాలనుకునే మనవరాలికీ ఇది రోజూ ఎదురయ్యే కష్టమే.

చిన్నప్పుడు మా పక్క వీధిలో ఒక ప్రెస్సు ఉండేది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి కంపోజ్ చేసేవారు. బొమ్మ అంటే జింకు బ్లాకు. దాన్ని చెక్క దిమ్మెకు మేకులతో కొట్టి, ఎత్తు సరిగ్గా అక్షరాల ఎత్తుకు తెచ్చి, అక్షరాల మధ్యనే ఇమిడ్చి, మొత్తాన్ని ఇనుప చట్రంలో బిగించేవారు. అక్కడ పేజీ అనేది చేత్తో ఎత్తగలిగిన వస్తువు. మధ్యలో పది లైన్లు చేర్చాలంటే కంపోజిటరు చట్రం సడలించాలి, అడుగు లైన్లు తీసి తర్వాతి పేజీకి మోయాలి, అక్కణ్నుంచి మళ్లీ ఆ తర్వాతి పేజీకి. ఒళ్లు హూనమయ్యే చాకిరీ. కానీ ప్రతి పేజీ మీదా ఒక మనిషి చెయ్యీ కన్నూ పడేవి. ఈ ఫొటో పక్కన ఈ పేరా ఏమిటని అడిగేవాడు అక్కడ ఉండేవాడు. ఇప్పుడు 120 పేజీల్లో అక్షరాలన్నీ రెప్పపాటులో కిందికి దిగుతాయి. ఎవరి కన్నూ పడదు.

పేజీని కాగితం మీద ఎలా ఉంటుందో అలాగే తెర మీద చూపించే పద్ధతి అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో పుట్టింది. 1974లో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ తదితరులు అక్కడ బ్రావో అనే ప్రోగ్రాం తయారు చేశారు. సిమోనీ 1981లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లారు. అక్కడ 1983లో వర్డ్ మొదటి రూపం బయటికి వచ్చింది. అది మనకు గొప్ప సౌకర్యం, కాదనను. దాంతోపాటు ఒక భ్రమ కూడా వచ్చింది. తెర మీద తెల్ల కాగితం కనిపిస్తోంది కాబట్టి, దాని మీద ఫొటోను జరిపితే గోడకు మేకు కొట్టి పటం తగిలించినట్టే అనుకుంటాం. నిజానికి ఫైలులో ఆ కాగితం లేదు. ఫైలులో ఉండేవి పేరాలు, ఒకదాని వెంట ఒకటి, పొడవాటి కాలవ నీళ్లలాగా. వాటిని పేజీలుగా కోసి చూపించే పని ప్రోగ్రాం అప్పటికప్పుడు చేస్తుంది. ఒక అక్షరం పెరిగినా, ఫాంటు మారినా, మార్జిన్ జరిగినా మళ్లీ కోస్తుంది.

మీకు ఆసక్తి ఉంటే ఒక పని చేసి చూడండి. వర్డ్ 2007 నుంచి ఫైళ్లు డాక్స్ రూపంలో వస్తున్నాయి కదా. మీ ఫైలు ఒకదానికి కాపీ తీసి, పేరు చివరి డాక్స్ అన్న నాలుగక్షరాలు చెరిపి జిప్ అని మార్చి తెరవండి. లోపల వర్డ్ అనే ఫోల్డరు, అందులో మీడియా అనే ఫోల్డరు, అందులో మీరు పెట్టిన ఫొటోలన్నీ వరసగా ఉంటాయి. అసలు ఫొటోలు పోగొట్టుకున్నవారికి ఇది బాగా పనికొచ్చే దారి. అక్షరాలన్నీ ఉండే ఫైలు వేరే ఉంటుంది. అందులో ప్రతి బొమ్మ దగ్గరా రెండు మాటల్లో ఏదో ఒకటి రాసి ఉంటుంది. ఒకటి ఇన్‌లైన్, రెండోది యాంకర్. ఈ బొమ్మ అక్షరాల వరసలో ఉందా, లేక ఒక పేరాకు కట్టి విడిచిపెట్టామా, ప్రోగ్రాం మొదట అడిగే ప్రశ్న ఇదే. మిగతా సెట్టింగులన్నీ దీని తర్వాతే.

మొదటిది చూద్దాం. వర్డ్‌లో ఇన్సర్ట్ లోకి వెళ్లి ఫొటో తెస్తే, మనం వేరే ఏమీ చెప్పకపోతే, అది ఇన్ లైన్ విత్ టెక్స్ట్ గా వస్తుంది. అంటే ఆ ఫొటో కూడా ఒక అక్షరమే. ‘క’ ఎలా నడుచుకుంటుందో అదీ అలాగే నడుచుకుంటుంది, ఆకారం పెద్దది, అంతే. ముందు పది లైన్లు చేరిస్తే పది లైన్లు దిగుతుంది, తీసేస్తే ఎక్కుతుంది. ఎప్పుడూ తన ముందు వాక్యం తర్వాతే, తన తర్వాతి వాక్యం ముందే ఉంటుంది. చోటు తప్పడమన్న ప్రశ్నే లేదు. నా సలహా ఏమిటంటే, పదింట తొమ్మిది ఫొటోలను ఇలాగే ఉంచండి. ఫొటోకు ఒక విడి పేరా ఇచ్చి, మధ్యకు తెచ్చి, కింద ఒక లైను వివరం రాయండి. చూడటానికి సాదాగా ఉంటుందని చాలామంది దీన్ని వదిలేస్తారు. నేనూ వదిలేశాను.

ఇక్కడ తెలుగులో రాసేవారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మన అక్షరానికి కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు, పైన గుడి. ‘స్త్రీ’ అనీ ‘రాష్ట్రం’ అనీ రాసి చూడండి, ఎంత ఎత్తు కావాలో తెలుస్తుంది. అందుకని తెలుగు ఫాంట్లకు పైనా కిందా జాగా ఎక్కువ వదులుతారు. పాత విండోస్‌తో వచ్చిన గౌతమి ఫాంటుతో టైపు చేసినవారికి తెలుసు, లైనుకూ లైనుకూ మధ్య ఎంత ఎడం వస్తుందో. పుస్తకం పేజీలు పెరిగిపోతున్నాయని మనం పేరాగ్రాఫ్ సెట్టింగుల్లోకి వెళ్లి, లైన్ స్పేసింగ్ దగ్గర ఎక్జాక్ట్‌లీ అన్నది ఎంచుకుని, 18 పాయింట్లని ఇస్తాం. అక్షరాలు చక్కగా దగ్గరవుతాయి. అక్కడే ఒక ఫొటో పెట్టామనుకోండి. ఫొటో కనిపించదు. అడుగున సన్నటి పట్టీ ఒకటి కనిపిస్తుంది, అంతే. ఫైలు పాడైందనుకుంటాం, ఫొటో పాడైందనుకుంటాం, తీసి మళ్లీ పెడతాం, మళ్లీ అదే పట్టీ.

కారణం చాలా చిన్నది. ఇన్‌లైన్ ఫొటో అక్షరంతో సమానం అన్నాను కదా. లైను ఎత్తు కచ్చితంగా 18 పాయింట్లే, అంటే పావు అంగుళమే అని మనం ఆజ్ఞ ఇచ్చాం. నాలుగంగుళాల ఫొటో వచ్చినా ప్రోగ్రాం ఆ పావు అంగుళమే చూపిస్తుంది, మిగతాది పై లైన్ల వెనక దాగిపోతుంది. ఫొటో ఉన్న ఆ ఒక్క పేరాలో లైన్ స్పేసింగ్‌ను సింగిల్ అని మారిస్తే ఫొటో పూర్తిగా బయటికి వస్తుంది. ప్రతిసారీ మార్చే బదులు ‘బొమ్మ’ అనే పేరుతో ఒక స్టైల్ తయారు చేసుకోండి. సింగిల్ స్పేసింగు, మధ్యకు అమరిక, కీప్ విత్ నెక్స్ట్, ఈ మూడూ అందులో పెట్టేయండి. కీప్ విత్ నెక్స్ట్ అంటే ఈ పేరా తన తర్వాతి పేరాను విడిచి వేరే పేజీకి పోకూడదని చెప్పడం. ఫొటో ఒక పేజీ అడుగునా, దాని కింద పేరు తర్వాతి పేజీ నెత్తి మీదా పడకుండా ఈ ఒక్క టిక్కు కాపాడుతుంది.

సరే, ఫొటో పక్కన అక్షరాలు నడవాలని కోరిక. కోరడం తప్పు కాదు, అందంగానే ఉంటుంది. అప్పుడు రెండో పద్ధతి, యాంకర్. ఇంగ్లీషువారు ఓడ లంగరు మాట వాడారు. నాకు మాత్రం గొడ్ల చావిట్లో గుంజా పలుపుతాడూ గుర్తొస్తాయి. పేరా గుంజ. బొమ్మ గేదె. తాడు ఎంత పొడవుండాలో, గేదె గుంజకు ఏ పక్కన ఉండాలో మనం చెప్తాం. కానీ గుంజ ఏ దొడ్లో ఉందో గేదె ఆ దొడ్లోనే ఉంటుంది. వర్డ్‌లో దీనికి మినహాయింపు లేదు. ఏ పేరాకు కట్టారో ఆ పేరా ఉన్న పేజీలోనే ఆ బొమ్మ ఉంటుంది. ఆ పేరాను పూర్తిగా తుడిచేస్తే బొమ్మ కూడా దానితోపాటు పోతుంది. ఫలానా ఫొటో మాయమైందని కంగారుపడి వెతికేవారు, దానికి ముందు తాము ఏ పేరా తుడిచారో గుర్తు తెచ్చుకోవాలి.

ఏ బొమ్మ ఏ పేరాకు కట్టి ఉందో చూడొచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎనిమిది మూడూ కలిపి నొక్కండి. పేరాల చివర గుర్తులు కనిపిస్తాయి. ఇప్పుడు ఫొటో మీద క్లిక్ చేస్తే, ఎడమ అంచున ఒక పేరా పక్కన చిన్న లంగరు బొమ్మ కనిపిస్తుంది. అది చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. మూడో పేరా పక్కన ఉన్న ఫొటో ఎక్కడో మొదటి పేరాకు కట్టి ఉంటుంది. ఎందుకంటే మనం మౌసుతో ఫొటోను లాగిన ప్రతిసారీ అది దారిలో దగ్గరగా దొరికిన పేరాకు తాడు మార్చుకుంటుంది, మనకు చెప్పదు. అందుకని ఫొటోను లాగి ఊరుకోకూడదు. ఆ లంగరు గుర్తును పట్టుకుని, ఫొటో ఎవరిదో ఆ పేరా పక్కకు తీసుకెళ్లి వదలాలి.

తర్వాత ఫొటో మీద రైట్ క్లిక్ చేసి, సైజ్ అండ్ పొజిషన్ లేదా మోర్ లేఅవుట్ ఆప్షన్స్ లోకి వెళ్తే పొజిషన్ అనే భాగం ఉంటుంది. నిలువు దూరం దేని నుంచి కొలవాలని అక్కడ అడుగుతారు. పేజీ నుంచా, మార్జిన్ నుంచా, పేరా నుంచా అని. ఈ ఒక్క జవాబులోనే ఉంది అంతా. పేరా నుంచి అని చెప్పి, దూరం సున్నా ఇవ్వండి. మూవ్ ఆబ్జెక్ట్ విత్ టెక్స్ట్ కు టిక్కు ఉండాలి. లాక్ యాంకర్ కు కూడా టిక్కు పెడితే, ఎవరైనా పొరపాటున ఫొటోను కదిపినా తాడు మరో పేరాకు మారదు.

నేను చేసిన తప్పు ఇక్కడే. వర్డ్ 2013 నుంచి ఫొటో మీద క్లిక్ చేయగానే పక్కన ఒక చిన్న బటన్ వస్తుంది. అందులో అడుగున రెండు మాటలుంటాయి, మూవ్ విత్ టెక్స్ట్, ఫిక్స్ పొజిషన్ ఆన్ పేజ్. నాకు ఫొటోలు కదలకూడదు. ఫిక్స్ అన్న మాట నాకు ధైర్యంగా వినిపించింది, అదే ఎంచుకున్నాను. నిజంగా అవి కదల్లేదు. కాగితాన్ని పట్టుకుని నిలబడ్డాయి, మనుషుల్ని వదిలేశాయి. మాస్టారి ఫొటో ఎక్కడ ఉండాలని నేను రెండు నెలలు ఆలోచించాను. ఎవరి మాటలతో ఉండాలని ప్రోగ్రాంకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ వాడేవారికి ఈ విషయంలో పని ఇంకాస్త తేలిక. 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి వేరుపడి వచ్చిన ప్రోగ్రాం ఇది. అందులో బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి యాంకర్ లోకి వెళ్తే, పేజీకి కట్టాలా, పేరాకు కట్టాలా, అక్షరానికి కట్టాలా, లేక అక్షరంలాగే ఉంచాలా అని నాలుగూ విడివిడిగా చూపిస్తుంది. పేజీకి కడితే అక్షరాలన్నీ ఎటు పోయినా బొమ్మ ఆ పేజీలోనే ఉండిపోతుంది. అట్ట మీది ముద్రకు అది సరిపోతుంది, లోపలి ఫొటోలకు పనికిరాదు.

పక్కన అక్షరాలు నడిపించేటప్పుడు మన భాష స్వభావం కూడా చూసుకోవాలి. స్క్వేర్, టైట్ అని రకరకాల చుట్టుడు పద్ధతులున్నాయి. అవన్నీ చిన్న చిన్న మాటలున్న ఇంగ్లీషుకు బాగా అమరుతాయి. మన దగ్గర ‘ప్రధానోపాధ్యాయుడిగా’ అన్నది ఒక్క మాట, ‘నిర్వహించవలసివచ్చింది’ అన్నది ఒక్క మాట. ఫొటో పెద్దదై పక్కన రెండంగుళాల జాగా మిగిలితే, లైనుకు రెండు మాటలు పడతాయి. రెండు అంచులూ సమానంగా ఉండాలని జస్టిఫై కూడా చేశామంటే ఆ రెండు మాటల మధ్య ఊళ్లకు ఊళ్లు పట్టే ఖాళీ. కాబట్టి పక్కన అక్షరాలు కావాలంటే ఫొటో వెడల్పు పేజీలో మూడో వంతు దాటనివ్వకండి. దాటితే ఇన్‌లైన్‌లోకి మార్చేయండి. బిహైండ్ టెక్స్ట్ జోలికి మాత్రం పోవద్దు. అక్షరాల వెనక ఫొటో పెడితే ఫొటోకూ గౌరవం లేదు, అక్షరానికీ లేదు.

బొమ్మ తన మాటల దగ్గరే ఉండాలన్న పట్టింపు నాకు ‘చందమామ’ నేర్పింది. 1947 జులైలో చక్రపాణి, నాగిరెడ్డి మొదలుపెట్టిన ఆ పత్రికలో చిత్ర, శంకర్ వంటివారు కథలకు బొమ్మలు వేస్తే, వపా ముఖచిత్రాలు వేసేవారు. చదువు రాని వయసులో మా చెల్లెలు ఆ పేజీలు తిప్పుకుంటూ కథ చెప్పేది. ఏ పేజీలో రాక్షసుడి మాట ఉందో ఆ పేజీలోనే రాక్షసుడు ఉండేవాడు కాబట్టే చెప్పగలిగేది.

టీచర్లకు ప్రత్యేకంగా ఒక మాట. లెక్కల ప్రశ్నపత్రంలో త్రిభుజం గీస్తారు. మూడు గీతలు, మూడు మూలల్లో ఏ, బి, సి అని మూడు టెక్స్ట్ బాక్సులు. మొత్తం ఆరు బొమ్మలు, ఆరు తాళ్లు, ఒక్కోటీ ఒక్కో పేరాకు కట్టి ఉంటుంది. తెర మీద ముచ్చటగా కుదురుతుంది. పై ప్రశ్నలో ఒక లైను చేర్చగానే బి అన్న అక్షరం పక్క ప్రశ్నలోకి పోతుంది, సి కాస్తా త్రిభుజం నడుము దగ్గరికి వస్తుంది. పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లకు ఏ కోణం ఎంతో తెలుసు, ఏది బి కోణమో తెలియదు. తెలిసిన లెక్కకు మార్కులు పోతాయి. దీనికి మందు ఒక్కటే. షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఆరింటినీ ఒక్కొక్కటే ఎంచుకోండి. రైట్ క్లిక్ చేసి గ్రూప్ అనండి. ఆరూ ఒక్క బొమ్మ అవుతాయి. ఆ బొమ్మను ఇన్ లైన్ విత్ టెక్స్ట్ గా మార్చి, ఆ ప్రశ్న కిందే ఒక విడి పేరాలో కూర్చోబెట్టండి. కిరణ చిత్రాలకూ, విద్యుత్ వలయాలకూ ఇదే పద్ధతి. రెండు బొమ్మలు పక్కపక్కనే కావాలంటే రెండు గళ్ల టేబుల్ వేసి, గీతలు కనపడకుండా చేసి, గడికి ఒకటి పెట్టండి. టేబుల్ కూడా అక్షరాలతో పాటే నడుస్తుంది.

ఇన్‌లైన్‌కు ఒక లోపం ఉంది, అది దాచకూడదు. పేజీ అడుగున రెండంగుళాల జాగా ఉండగా నాలుగంగుళాల ఫొటో వస్తే, ఫొటో తర్వాతి పేజీకి పోతుంది, ఇక్కడ రెండంగుళాలు తెల్లగా మిగులుతుంది. తర్వాతి పేరా పైకొచ్చి ఆ ఖాళీ నింపదు, వరస తప్పదు కాబట్టి. ఈ సమస్యకు వేరే దారిలో ఆలోచించినవారున్నారు. 1977లో డొనాల్డ్ క్నూత్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, తన పుస్తకం రెండో సంపుటం కొత్త కూర్పుకు వచ్చిన ప్రూఫులు చూసి, అక్షరాల కూర్పు నచ్చక, తానే టెక్ అనే ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత లెస్లీ లాంపోర్ట్ దాని మీద లేటెక్ కట్టారు. ఇవాళ ఇంజినీరింగు, సైన్సు పరిశోధకులు ఎందరో తమ థీసిస్ దాంట్లోనే రాస్తారు. అందులో బొమ్మను ‘తేలే బొమ్మ’గా చూస్తారు. పేజీ పైనా, కిందా, విడి పేజీలోనా ఎక్కడెక్కడ పెట్టొచ్చో రచయిత చెప్తాడు, చోటు ప్రోగ్రాం వెతుకుతుంది. దానికి కొన్ని పట్టింపులున్నాయి. మామూలుగా పేజీ పైభాగాన బొమ్మలు 70 శాతం మించకూడదు, అడుగున 30 శాతం మించకూడదు, అక్షరాలు కనీసం 20 శాతం ఉండాలి. మూడో బొమ్మ రెండో బొమ్మను దాటి ముందుకు రాకూడదు. ఒక పెద్ద బొమ్మకు చోటు దొరక్క ఆగిపోతే దాని వెనక ఉన్నవన్నీ ఆగిపోయి అధ్యాయం చివర పోగుపడటం ఇందువల్లే. అలా జరిగితే ప్రోగ్రాంతో పోట్లాడకుండా ఆ ఒక్క బొమ్మ సైజు తగ్గించి చూడండి.

తేలే బొమ్మలు వాడినా, వాడకపోయినా, ‘పై బొమ్మలో’, ‘పక్క ఫొటోలో’ అని రాసే అలవాటు మానుకోవాలి. ఇవాళ పైన ఉన్నది రేపు వెనక పేజీలో ఉంటుంది. నంబరు వేయండి. వర్డ్‌లో రిఫరెన్సెస్ కింద ఇన్సర్ట్ క్యాప్షన్ ఉంది. ఫిగర్ అన్న ఇంగ్లీషు మాట బదులు న్యూ లేబుల్ నొక్కి ‘చిత్రం’ అని తెలుగులోనే పెట్టుకోవచ్చు. పేరాలో ‘చిత్రం 7 చూడండి’ అని చేత్తో టైపు చేయకుండా క్రాస్ రిఫరెన్స్ ద్వారా పెట్టండి. మధ్యలో కొత్త బొమ్మ వచ్చి ఏడు కాస్తా ఎనిమిదైతే, కంట్రోల్ ఏ నొక్కి, ఎఫ్ తొమ్మిది నొక్కితే అన్ని చోట్లా సరిపడుతుంది.

అన్నీ సరిచేసి ఫైలు ఇంకొకరికి పంపినప్పుడు వాళ్ల కంప్యూటర్లో ఆ తెలుగు ఫాంటు లేకపోతే వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది. లైన్ల ఎత్తు మారుతుంది, పేజీల లెక్క మారుతుంది. పాత అను ఫాంట్లలో చేసిన పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్చినా అంతే. బొమ్మ పేరాకు కట్టి ఉంటే ఇవన్నీ తట్టుకుంటుంది, పేజీకి కట్టి ఉంటే తట్టుకోదు. అచ్చుకు ఇచ్చేది మాత్రం పీడీఎఫ్ గానే ఇవ్వండి. ఇచ్చాక ఆ పీడీఎఫ్ ను మొదటి పేజీ నుంచి చివరి దాకా మీ కళ్లతో మీరే చూడండి.

ఇది వింటున్న శ్రోతల్లో చూపు లేనివారు కూడా ఉంటారు. కంప్యూటర్లో డాక్యుమెంటును వారికి ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. ఇన్‌లైన్‌లో ఉన్న బొమ్మ, వాక్యాల వరసలో తన వంతు రాగానే వినిపిస్తుంది. విడిగా తేలే బొమ్మ ఒక్కోసారి ఎక్కడో వినిపిస్తుంది, ఒక్కోసారి వినిపించనే వినిపించదు. బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే ఆల్ట్ టెక్స్ట్ అని వస్తుంది. అందులో రెండు వాక్యాలు తెలుగులో రాయండి. ఫొటో అని రాస్తే ఏమీ చెప్పనట్టే. ‘తెల్ల పంచె, కళ్లజోడు, చేతిలో సుద్దముక్కతో నల్లబల్ల ముందు నిలబడ్డ లెక్కల మాస్టారు’ అని రాస్తే, చూడలేని శిష్యుడికి కూడా ఆయన ఎదురుగా నిలబడతారు.

చివరగా ఒక పరీక్ష చెప్తాను. పుస్తకం పూర్తయిందనుకున్నాక మొదటి పేజీ మొదటి లైను ముందుకు వెళ్లి పదిసార్లు ఎంటర్ నొక్కండి. అక్షరాలన్నీ పది లైన్లు దిగుతాయి. ఇప్పుడు పేజీలన్నీ తిరగేస్తూ ప్రతి ఫొటో పక్కన ఎవరి మాటలున్నాయో చదవండి. తప్పినవి దొరికితే పేజీ నంబరు రాసి పెట్టుకోండి. తర్వాత కంట్రోల్ జెడ్ నొక్కి ఆ పది ఎంటర్లూ వెనక్కి తీసేసి, తప్పినవాటిని మళ్లీ కట్టండి. పుస్తకం ఎంత పెద్దదైనా గంటలో తేలిపోయే పని.

మా సావనీరు ఏడాది తర్వాత మళ్లీ వేశాం. ఫొటోలన్నీ విప్పి ఎవరి పేరాకు వారిని కట్టాను. ఈ పరీక్ష మూడుసార్లు చేశాను. ప్రెస్సుకు ఇచ్చే ముందు పేజీలు ప్రింటు తీసి మాస్టారి ఇంటికి పట్టుకెళ్లాను. ఆయన తన పేజీ చూసుకున్నారు. ముందు పేజీకి తిప్పి డ్రిల్లు మాస్టారి పేరా చదివారు. “వేసవి సెలవుల్లో కాలవ దగ్గర పిల్లలందరికీ ఈత నేర్పేవాడు బాబూ, అది రాయలేదు. రెండు లైన్లు చేర్చు” అన్నారు.

ఆ రాత్రి చేర్చాను. ఆ పేజీ నుంచి చివరి దాకా ఒక్కో ఫొటో చూసుకుంటూ వెళ్లాను. డ్రిల్లు మాస్టారి పేరా రెండు లైన్లు పెరిగింది. దాని తర్వాతి లెక్కల మాస్టారి పేరా రెండు లైన్లు దిగింది. ఆయన ఫొటో కూడా దాని పక్కనే, రెండు లైన్లు దిగి ఉంది.